ఒక్క రోజులో కళింగపట్నం: శ్రీకూర్మం, శాలిహుండం కలుపుకోవచ్చా?

కోట జంక్షన్:
డిసెంబరు చివరి వారంలో సెలవులకి విజయనగరం వస్తున్నాం. ఒక రోజు శ్రీకాకుళం దగ్గర కళింగపట్నం బీచ్ అనుకున్నాం. సొంత కారు, ఐదుగురం: అమ్మానాన్నలు (ఇద్దరికీ డెబ్బై దాటాయి, నాన్నకి మోకాళ్ళ నొప్పులు), మేమిద్దరం, తొమ్మిదేళ్ళ పాప. మా లెక్క ఇదీ: తెల్లవారేసరికి బీచ్‌లో సూర్యోదయం, ఆ తర్వాత అరసవల్లి, శ్రీకూర్మం గుళ్ళు, శాలిహుండం బౌద్ధ స్తూపాలు, టైముంటే బారువ, రాత్రికి ఇల్లు. ఈ వరస కుదురుతుందా? పాపని సముద్రంలో దించొచ్చా? భోజనం అక్కడ దొరుకుతుందా, పట్టుకెళ్ళాలా?

గార రోడ్డు:
ఏటండీ, అదే రోజు బారువ కూడానా! బారువ సోంపేట దగ్గర, శ్రీకాకుళం నుంచే దాదాపు వంద కిలోమీటర్లు. అది కొట్టేయండి. దానికి ఇంకో రోజు పెట్టుకుని, దారిలో టెక్కలి వైపు తేలినీలాపురం కలుపుకోండి. చలికాలం కదా, గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ చెట్ల మీదే ఉంటాయి.

మిగిలినవి ఒకే దారిలో పడతాయి. అరసవల్లి శ్రీకాకుళం ఊరి పక్కనే. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ గార మండలమే. కాకపోతే మీ వరస తిరగేయాలి. డిసెంబరు చివర్లో ఇక్కడ సూర్యోదయం 6.20 ప్రాంతంలో. అప్పటికి ఇసుకలో ఉండాలంటే విజయనగరంలో నాలుగు కాకముందే బయల్దేరాలి. హైవే మీద మంచు, ఆగిన లారీలు సరిగ్గా అప్పుడే. పెద్దవాళ్ళతో ఆ రిస్కు దేనికి? పైగా బీచ్ ముందు పెట్టుకుంటే ఎండెక్కే వేళకి శాలిహుండం కొండ ఎక్కాల్సి వస్తుంది, గుళ్ళకి చేరేసరికి మధ్యాహ్నం తలుపులు వేసేస్తారు.

ఇలా చెయ్యండి. ఐదున్నరకి బయల్దేరి, ఏడున్నరకల్లా అరసవల్లి. తొమ్మిదికి శ్రీకూర్మం. పదిన్నరకి శాలిహుండం. పన్నెండున్నరకి కళింగపట్నం, సరుగుడు నీడలో భోజనం. మూడింటి దాకా పెద్దవాళ్ళు నడుం వాల్చాక అప్పుడు ఇసుకలోకి. సముద్రం తూర్పున కాబట్టి మధ్యాహ్నం తిరిగితే ఎండ వీపు మీద పడుతుంది, కళ్ళలో కొట్టదు. సాయంత్రానికి చెట్ల నీడ నీళ్ళ వైపే సాగుతుంది. సూర్యాస్తమయం 5.25 ప్రాంతంలో, ఐదుంపావుకి కారెక్కేయండి.

ఆదివారం మాత్రం వద్దు. అరసవల్లిలో ఆదివారం సూర్యదేవుడి రోజు, క్యూలోనే పొద్దు పోతుంది. బీచ్‌లో కూడా పిక్నిక్ బస్సుల జనం. మంగళవారమో బుధవారమో చూసుకోండి. ధనుర్మాసం గనక శ్రీకూర్మంలో పూజలు తెల్లవారుజామునే మొదలవుతాయి, పొద్దుటే వెళ్ళడం మంచిది. ముక్కోటి ఏకాదశి ఏ రోజో చూసుకుని ఆ రోజు తప్పించండి.

చక్ర స్తూపం:
పైన చెప్పిన వరసతో ఏకీభవిస్తాను, ఒక్క శాలిహుండం దగ్గర తప్ప. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ కొండ కష్టం. దారి ఉంది, ఎక్కడం మరీ ఎత్తు కాదు, కానీ పైన నీడ తక్కువ, మెట్లు ఒకే ఎత్తులో ఉండవు, దిగేటప్పుడు బరువంతా మోకాలి మీదే. నాన్నగారిని కింద మ్యూజియంలో కూర్చోబెట్టి మిగతావాళ్ళు ఎక్కండి. మ్యూజియం చిన్నదైనా బౌద్ధ దేవతలు తార, మారీచి విగ్రహాలున్నాయి. చాలామంది కొండ దిగి అలసిపోయి దాన్ని వదిలేసి వెళ్ళిపోతారు.

పైన చూడాల్సింది ఇటుక స్తూపాల పునాదులు. వాటిలో ఒకటి బండి చక్రంలా, ఆకుల్లాంటి (చువ్వల్లాంటి) గోడలతో కట్టింది. మధ్యలోంచి గోడలు చుట్టూ ఉన్న వలయం దాకా వస్తాయి, ఖాళీల్లో మట్టి నింపి పైన గుమ్మటం లేపేవారు. పాపకి అది చూపించి ఎందుకలా కట్టారో అడగండి. మొత్తం ఇటుకతో నింపే పని లేకుండా బరువు మోయించే పద్ధతి అది. ఈ చోటుని 1919లో వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వ్యావహారిక భాష అనగానే ఆయన గుర్తొస్తారు గానీ ఈ సంగతి సిక్కోలు (శ్రీకాకుళం) వాళ్ళకే తెలీదు. తూర్పు అంచున నిలబడితే కింద వంశధార, దాని చివర సముద్రం. కళింగపట్నంలో రేవు ఎందుకు వెలిసిందో పుస్తకం అక్కర్లేకుండానే అర్థమవుతుంది.

శ్రీకూర్మంలో రెండు సంగతులు గమనించండి. మూలవిరాట్టు పడమటి ముఖంగా ఉంటుంది, ధ్వజస్తంభాలు రెండు. ప్రాకార మండపంలోని కుడ్యచిత్రాలని చేత్తో తాకనివ్వకండి, చెమట తగిలితే రంగు పెచ్చులూడుతుంది. గుడిలో పెంచే నక్షత్ర తాబేళ్ళు వన్యప్రాణి చట్టం కింద రక్షిత జాతి. వాటిని ఎత్తి ఫొటోలు దిగొద్దు, బిస్కెట్లు పెట్టొద్దు.

అలివి వల:
పాపని దించడం గురించి ఎవరూ చెప్పలేదు, అందుకే రాస్తున్నాను. కళింగపట్నం తీరం నిటారు. రెండడుగులు వేస్తే మోకాళ్ళ లోతు, ఇంకో రెండడుగులకి నడుము దాటుతుంది. అల ఒడ్డునే విరిగి పడుతుంది, వెనక్కి వెళ్తూ కాళ్ళ కింద ఇసుకని తోడేస్తుంది. పెద్దవాళ్ళు పడేది కూడా అందుకే. పాపకి చీలమండ దాటి నీళ్ళు వద్దు, అదీ చెయ్యి పట్టుకునే.

వంశధార సముద్రంలో కలిసే చోట అసలే దిగకండి. అందరూ అటే నడుస్తారు, ఫొటోలు బాగుంటాయని. అక్కడ ఇసుక దిబ్బ ఒకచోట ఉండదు: నైరుతి గాలులప్పుడు ఉత్తరానికి, చలికాలంలో దక్షిణానికి జరుగుతుంది. నిరుడు మోకాళ్ళ లోతున్న చోట ఈ ఏడు గొయ్యి ఉండొచ్చు. సముద్రం పాటు మీద (నీరు వెనక్కి తగ్గుతూ) ఉన్నప్పుడు ఏటి నీరూ, పోటుకి లోపలికొచ్చిన నీరూ కలిసి ఒకేసారి బయటికి లాగుతాయి. ఈతగాళ్ళకీ ఆగదు.

మెయిన్ బీచ్‌లో చూడాల్సిన గుర్తు ఒకటుంది. అలలు విరిగే చోట తెల్లటి నురగ వరసగా కనిపిస్తుంది. మధ్యలో నురగ లేకుండా, ముదురు రంగుతో, నిమ్మళంగా కనిపించే పట్టీ ఉంటే ‘ఇక్కడ బాగుంది’ అని అక్కడే దిగుతారు. లోపలికి లాక్కెళ్ళే పాయ అదే. ఎవరైనా చిక్కితే ఒడ్డుకేసి ఈదకూడదు, అలసిపోతారు. వెల్లకిలా తేలి ఊపిరి తీసుకుని, ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, నురగ వచ్చే చోటుకి చేరాక అలతో పాటు ఒడ్డుకి రావాలి. ఒడ్డునున్నవాళ్ళు వెనకే దూకకుండా ఖాళీ నీళ్ళ క్యానో, తాడో విసరాలి. మూత బిగించిన ఇరవై లీటర్ల క్యాను మనిషిని తేల్చి ఉంచుతుంది.

పోటు రోజుకి రెండుసార్లు, ప్రతిరోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో ఎత్తు ఎక్కువ. చాపలు పరిచేముందు తడి ఇసుక గీత ఎక్కడుందో చూసి, దానికి బాగా పైన పరుచుకోండి.

కోట జంక్షన్:
అందరికీ థాంక్సండి. బారువ తీసేశాం, నాన్న మ్యూజియంలోనే. ఇంకో రెండు: అక్కడ చేపలు కొని విజయనగరం దాకా తేవచ్చా? కారు ఇసుక దాకా వెళ్తుందా?

గార రోడ్డు:
కారు తారు రోడ్డు మీదే ఆపండి. తడి ఇసుక గట్టిగా ఉందని దింపితే, తిప్పేటప్పుడు పొడి ఇసుకలో కూరుకుపోతుంది. దిగబడితే మాత్రం యాక్సిలరేటర్ తొక్కకండి. చక్రం గొయ్యి తవ్వుకుని కారు పొట్ట ఇసుక మీద కూర్చుంటుంది, ఇక ట్రాక్టరే దిక్కు. అందర్నీ దింపి, చక్రాల ముందు ఇసుక తీసి, టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తగ్గించి, కింద మ్యాట్లు వేసి రెండో గేరులో మెల్లగా కదిలించాలి. రోడ్డెక్కాక నెమ్మదిగా నడిపి, మొదటి బంకులోనే గాలి నింపించండి. ఇంటికెళ్ళాక కారు కింద భాగం మంచినీళ్ళతో కడిగించండి, ఉప్పు తినేస్తుంది.

భోజనం పట్టుకెళ్ళండి. మామూలు రోజుల్లో బీచ్ దగ్గర టీ, బజ్జీలకి మించి నమ్ముకోవద్దు. పులిహోర నిలవుంటుంది. పెరుగన్నం తెస్తే పాలతో కలిపి, కాస్త తోడు మాత్రమే వెయ్యండి, మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది. నీళ్ళు మనిషికి రెండు లీటర్లు. అమ్మగారికి బాత్రూము అవసరాలు శ్రీకూర్మంలోనే చూసుకుని బయల్దేరండి.

అలివి వల:
చేప తేవచ్చు, ఐసు సరిగా ఉంటే. పడవలు పొద్దుట వస్తాయి, మీరు మధ్యాహ్నం చేరితే మిగిలిందే ఉంటుంది. కోనాం, చందువా దొరికితే తీసుకోండి. మొప్పలు ఎర్రగా, కన్ను ఉబ్బెత్తుగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. కన్ను లోపలికి పోయి పొగబారితే వదిలెయ్యండి, రేటు ఎంత తగ్గించినా సరే. పొట్టా మొప్పలూ అక్కడే తీయించండి, ముందు పాడయ్యేవి అవే.

కిలో చేపకి కిలో ఐసు లెక్క, గుండ చేయించి తీసుకోండి. పెద్ద ముక్కలైతే చేపకి ఆనక మధ్యలో గాలి మిగులుతుంది. ఐసు శ్రీకాకుళంలో కొనుక్కుంటేనే నయం. థర్మోకోల్ పెట్టెలో ఒక పొర ఐసు, ఒక పొర చేప, పైన మళ్ళీ ఐసు. పెట్టె అడుగున ఒక మూల కన్నం పెట్టి కింద ట్రే ఉంచండి. కరిగిన నీళ్ళలో చేప నానితే రుచి పోతుంది, కండ మెత్తబడుతుంది. రొయ్యలు వేరే కవరులో కట్టాలి.

చక్ర స్తూపం:
ఖద్దరు నేతకి పేరున్న పొందూరు కూడా చూడాలనుకుంటే, వెళ్ళేటప్పుడు అక్కడ ఆగితే అరసవల్లి ఆలస్యమవుతుంది, వచ్చేటప్పటికి చీకటి పడి నేత పని ఆగిపోతుంది. అది మర్నాడు విడిగా పెట్టుకోండి, విజయనగరం నుంచి రైలుంది. పొద్దుటే వెళ్తే వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వడం దగ్గర్నుంచి చూడొచ్చు.