పుస్తకాలు తరలివెళ్తే వాటిని చూసుకునే మనిషీ వెళ్లాలా?

పాతబస్తీ పాఠకుడు:
ఒక సంస్థ మూతపడితేనో, మరోదానిలో కలిసిపోతేనో దాని పుస్తకాలను ఇంకో పరిశోధన గ్రంథాలయానికి పంపడం హైదరాబాదుకు కొత్త కాదు. 1975లో ప్రాచ్య లిఖిత ప్రతుల గ్రంథాలయం ఏర్పడినప్పుడు అఫ్జల్‌గంజ్‌లోని పాత అసఫియా గ్రంథాలయం నుంచి రాతప్రతులు అక్కడికి చేరాయి. ఇలాంటి తరలింపు జరిగే ప్రతిసారీ లారీల గురించి, ర్యాకుల గురించి మాట్లాడుకుంటాం. సిబ్బంది సంగతి చివర్లో, అదీ ఎవరైనా గుర్తుచేస్తేనే. నా మటుకు పుస్తకాలతోపాటు వాటిని ఏళ్లతరబడి చూసుకున్నవాళ్లు కూడా వెళ్లాల్సిందే. మీరేమంటారు?

కేటలాగు:
ఒప్పుకోను. ఫలానా పుస్తకం ఎక్కడుందో ఒక ఉద్యోగి బుర్రలోనే ఉంటే అది ఆయన గొప్పతనం కాదు, గ్రంథాలయం చేతగానితనం. కోహా అనే గ్రంథాలయ సాఫ్ట్‌వేర్‌లో వివరాలు సరిగ్గా ఎక్కించి, బార్‌కోడ్ అంటించి పంపితే ఎవరైనా నడపగలరు. పైగా పౌర గ్రంథాలయ శాఖ వాళ్లకు రాష్ట్ర ప్రభుత్వ జీతం స్కేళ్లు, విశ్వవిద్యాలయ లైబ్రేరియన్లకు యూజీసీ స్కేళ్లు. ఒకచోటి మనిషిని ఇంకోచోట విలీనం చేస్తే సీనియారిటీలో ఎక్కడ కూర్చోబెడతారు? తెలుగు విశ్వవిద్యాలయం 2014 విభజన చట్టం పదో షెడ్యూలులో, అంటే రెండు రాష్ట్రాల ఉమ్మడి సంస్థల జాబితాలో, చేరాక ఉద్యోగుల పంపకం ఎన్నేళ్లు నలిగిందో మరిచిపోయారా?

బీరువా తాళం:
పదవీ విరమణ చేసినవాణ్ణి. ఇలాంటి ఒక తరలింపులో పనిచేశాను, సంస్థ పేరు అక్కర్లేదు. కేటలాగు గారు చెప్పినట్టే అన్నీ కంప్యూటర్‌లో ఎక్కించారు. పాత యాక్సెషన్ రిజిస్టరు, అంటే వచ్చిన పుస్తకాలను వరసగా రాసుకునే చిట్టా, నిజాం కాలం నాటిది. ఉర్దూలో ఉంటుంది, తేదీలు నిజాం రాజ్యంలో వాడిన ఫస్లీ సంవత్సరాల్లో. ఒక పుస్తకానికి 1345 అని ఉంది. దానికి 590 కలిపితే 1935 వస్తుంది. ఎక్కించిన కుర్రవాడు 1345 అనే కొట్టాడు. తర్వాత సరిచూసిన ఆయన అది అచ్చుతప్పు అనుకుని 1945గా దిద్దాడు. మొదటి తప్పు చూడగానే తెలుస్తుంది. రెండోది ఎవరికీ తెలియదు, ఎందుకంటే అది ఒప్పులాగే కనిపిస్తుంది.

ఇంకొకటి. పాతరోజుల్లో పల్చటి పుస్తకాలను నాలుగైదు కలిపి ఒకే బైండు కట్టేవారు. వెన్నుమీద మొదటిదాని పేరే ఉంటుంది, కేటలాగులోనూ అదొక్కటే ఎక్కుతుంది. మిగతావి లోపల ఉన్నాయని మా అటెండరుకు తెలుసు, ఎందుకంటే అడిగినవాళ్లకు తీసిచ్చింది ఆయనే. ఆయన్ను పాతచోటే ఉంచేశారు. ఆ పుస్తకాలు ఇప్పటికీ కొత్త భవనంలో భద్రంగా ఉన్నాయి, అడిగితే మాత్రం లేవంటారు.

తాళపత్రాల సంగతి చెప్పనే అక్కర్లేదు. కట్టు ఊడదీసి దులిపినప్పుడు ఆకుల వరస తప్పితే మళ్లీ పేర్చడానికి లిపి తెలిసినవాడు కూర్చోవాలి.

కేటలాగు:
అయితే తరలింపుకు ముందే ఆ అటెండరు గారిని కూర్చోబెట్టి అన్నీ రాయించుకోవాలి. ఆయన ఇల్లు, పిల్లల బడి ఉన్నచోటి నుంచి ఎందుకు కదిలించాలి?

బీరువా తాళం:
ఏమి అడగాలో తెలిస్తే కదా రాయించుకోవడానికి! పాఠకుడు వచ్చి అడిగినప్పుడే ఆయనకు గుర్తొచ్చేది.

సంతకం పెట్టనివాడు:
అసలు విషయం ఇద్దరూ వదిలేశారు. సిబ్బంది కదలనంటున్నది ఇల్లు దూరమని కాదు, అప్పగింత కాగితం మీద సంతకానికి భయపడి. తరలింపు అంటే దశాబ్దాల తర్వాత మొదటిసారి పూర్తి లెక్క తేలడం. ఎప్పుడో పోయిన పుస్తకాలన్నీ చివర్లో సంతకం పెట్టినవాడి మెడకు చుట్టుకుంటాయి. పింఛను ఆగుతుంది. కేంద్ర సంస్థలకు 2017 సాధారణ ఆర్థిక నిబంధనల్లో 215వ నిబంధన ఉంది. ఏడాదిలో పాఠకుల చేతికిచ్చిన ప్రతి 1000 పుస్తకాలకు 5 పోయినా, మోసమో నిర్లక్ష్యమో లేకపోతే సహజమని ఒప్పుకుంటారు. అరుదైనవాటికి, 1000 రూపాయలు దాటినవాటికి మాత్రం విచారణ తప్పదు. కాబట్టి పెట్టెలు కట్టకముందే లెక్క చూసి, పోయినవాటిని కమిటీ పెట్టి రిజిస్టరులోంచి కొట్టేయించండి. అప్పుడు చూడండి, ఎంతమంది వస్తామంటారో.

పాతబస్తీ పాఠకుడు:
ఇది నాకు తోచలేదు, ఒప్పుకుంటున్నాను. విలీనం వద్దు, పాత ఉద్యోగంలో లీన్ (తిరిగి వచ్చే హక్కు) నిలుపుకుని రెండేళ్ల డిప్యుటేషన్ మీద పంపితే సీనియారిటీ గొడవ ఉండదు కదా?

కేటలాగు:
డిప్యుటేషన్‌కు అభ్యంతరం లేదు. కానీ ఆ రెండేళ్లలో ఆయన చేత కౌంటర్లో పుస్తకాలు ఇప్పించి, పని నేర్చుకునేవాణ్ణి పక్కన పెట్టకపోతే రెండేళ్ల తర్వాత ఇదే గొడవ. ఆ రెండో ఉద్యోగానికి మంజూరు ఎవరు తెస్తారు?

బీరువా తాళం:
మంజూరు సంగతి నాకు తెలియదు. తరలింపు ఎప్పుడైనా సరే, జూన్‌లో మొదలుపెట్టకండి. 2000 ఆగస్టు వరదలో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో తడిసిన ఉర్దూ పుస్తకాల సంగతి తెలిసినవాళ్లెవరూ పెట్టెలను నేలమీద దించరు.