సమస్యాపూరణం: “ఉప్పు కన్నఁ దీపి యొండు గలదె?”

నిర్వాహకులు: ఈ వారం సమస్య, అంటే పద్యాన్ని ముగించాల్సిన పాదం, ఆటవెలది అనే ఛందస్సులో నాలుగో పాదం. గణాలు (గురులఘువుల గుంపులు) ఐదూ సూర్యగణాలే, అంటే గలం (గురువు, లఘువు) గాని నగణం (మూడు లఘువులు) గాని; ‘ఉ’కూ ‘ఒ’కూ స్వరయతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ అచ్చుల పొంతన). పూరణ 1930 ఉప్పు సత్యాగ్రహాన్ని గాని, స్వాతంత్ర్య పోరాటాన్ని గాని ఆశ్రయించాలి. వంటింటి ఉప్పుకు అనుమతి లేదు. ఆ తలుపు తెరిస్తే చర్చ ఆవకాయ దాకా పోతుంది.

నల్లకుంట సభ్యులు:

దండి తీరమందుఁ దాత పిడికిలిలోఁ
జిటికె డుప్పు నిలువ, సీమదొరల
పన్నుకోట కూలెఁ, బ్రజల నాలుకలకు
నుప్పు కన్నఁ దీపి యొండు గలదె?

నిర్వాహకులు: ధార బాగుంది. అయితే పిడికిలిలో చిటికెడేమిటి? “దాత వేళ్ళ నడుమఁ” అంటే గణయతులు చెడకుండానే ఔచిత్యం కుదురుతుంది. రెండోది చరిత్ర దోషం. ఏప్రిల్ 6న గాంధీజీ చట్టాన్ని ఉల్లంఘించినా పన్ను పోలేదు. 1931 మార్చి 5 నాటి గాంధీ-ఇర్విన్ ఒడంబడిక కూడా ఉప్పు దొరికే తీరగ్రామాల వారికి సొంత వాడకానికీ, ఆ ఊళ్ళలోపల అమ్ముకోవడానికీ మాత్రమే వెసులుబాటు ఇచ్చింది.

నల్లకుంట సభ్యులు: కోట అన్నది భయాన్ని ఉద్దేశించి.

నిర్వాహకులు: అది పద్యంలో కనబడాలి కదా! “పన్నుకోట కదలె” అనండి. గలం స్థానంలో నగణం పడుతుంది, అతిశయోక్తీ తగ్గుతుంది.

పద్మారావునగర్ సభ్యురాలు:

భాగ్యనగరి బిడ్డ పంక్తిముందు నిలువఁ
దలలు పగిలి నేల తడిసెఁ గాని
చేయి యెత్తలేదు, చెమట, నెత్తు రొలుకు
నుప్పు కన్నఁ దీపి యొండు గలదె?

నిర్వాహకులు: ఈ వారానికి ఇదే మేటి పూరణ. గాంధీజీ, ఆయన స్థానంలో వచ్చిన అబ్బాస్ త్యాబ్జీ అరెస్టయ్యాక, హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడు 1930 మే 21న గుజరాత్‌లోని ధరాసనా ఉప్పు కొఠార్ల ముందు సత్యాగ్రహులకు నాయకత్వం వహించారు. లాఠీలు పడుతున్నా వారు దెబ్బ కాచుకోవడానికైనా చేయి ఎత్తలేదు. ఆ నిగ్రహమంతా “చేయి యెత్తలేదు” అన్న రెండు మాటల్లో ఇమిడింది. చెమటకూ నెత్తురుకూ ఉప్పదనం సహజం కనుక సమస్యలోని వైరుధ్యం ఏ బలవంతమూ లేకుండా విడిపోయింది. “పంక్తి” అన్న మాట మాత్రం విస్తరి ముందు కూర్చోబెడుతున్నది. “బారు ముందు” అన్నా యతి నిలుస్తుంది.

కూకట్‌పల్లి సభ్యులు: మొదటి పాదం మాత్రమే కుదిరింది: “నైజాము నేలలో నలిగిన తెలుఁగోఁడు”.

నిర్వాహకులు: 1947 ఆగస్టు 15 తరువాత కూడా 1948 సెప్టెంబరు 17 దాకా స్వేచ్ఛ కోసం ఆగిన నేల కనుక వస్తువు మంచిదే. కాని “నైజాము” తగణం (రెండు గురువులు, ఒక లఘువు), అంటే బేసి పాదాల్లో చివరి రెండు చోట్ల వచ్చే ఇంద్రగణం. ఆటవెలది మొదట సూర్యగణమే రావాలి. “నాఁటి తెలుఁగు నేల నైజాము నీడలో” అంటే అది నాలుగో గణంలో ఒదిగి, నా-నై యతి కూడా కుదురుతుంది. మిగిలిన రెండు పాదాలూ పూరించి పంపండి.