బుధవారం దాటితే శనివారం కలవకూడదా?

ప్రశ్న (బెంగళూరు మారతహళ్లి నుంచి):
మా పీజీలో నా గదిలో ఉండే అమ్మాయి 1995లో అమెరికాలో వచ్చిన ‘ద రూల్స్’ పుస్తకం పట్టుకుంది. అబ్బాయికి మనంతట మనం ఫోను చేయకూడదట. శనివారం కలుద్దామని బుధవారం తర్వాత అడిగితే ఒప్పుకోకూడదట. ఆమెకు ఎంతో నచ్చిన నెల్లూరు అబ్బాయి గురువారం అడిగాడు. పని ఉందని చెప్పేసి, శనివారమంతా పప్పుచారు వేడి చేసుకుంటూ ఫోను వైపే చూసింది. చూడలేకపోయాను. ఎలా మాన్పించాలి?

కోరమంగళ అక్క:
చెల్లీ, ఐటీ ఉద్యోగికి శనివారం సెలవో కాదో శుక్రవారం సాయంత్రానికి గానీ తెలియదు. బుధవారమే ఎలా అడుగుతాడు, పాపం!

బీటీఎం పాఠకుడు:
పిలిచిన ప్రతిసారీ పరుగెత్తవద్దన్న మాట మంచిదే, దాన్ని కొట్టిపారేయను. కానీ ఇష్టం ఉండి లేనట్టు నటిస్తే, మర్యాదస్తుడు నిజంగానే వద్దన్నారనుకుని తప్పుకుంటాడు. మిగిలేది మొండివాళ్లే. ఇంతకీ అతను ఉండేది ఎక్కడ?

ప్రశ్న అడిగినవారు:
ఎలక్ట్రానిక్ సిటీ.

కోరమంగళ అక్క:
అయ్యో! సిల్క్ బోర్డు కూడలి దాటి వస్తానన్నాడా? ఆ ట్రాఫిక్‌లో? పుస్తకం నువ్వు దాచేయి, ఫోను ఆమె చేతికివ్వు. ఆదివారం పొద్దున టిఫినుకు అతన్ని ఆమెనే పిలవమను.