సత్యం గెలుస్తుందా, సత్యమే గెలుస్తుందా? మసారిక్ మాట గురించి

రామచంద్రాపురం అబ్బాయి:
అందరికీ నమస్కారం. నెల రోజులుగా ఒక మాట తొలిచేస్తోంది. మా నాన్నగారు రామచంద్రాపురం బీహెచ్ఈఎల్‌లో చేసేవారు, ఆ ఫ్యాక్టరీ చెకొస్లొవేకియా వాళ్ళ సాయంతో వచ్చిందే కదా, అప్పట్లో వచ్చిన ఇంజనీరు ఒకాయన చెప్తే నాన్న డైరీలో తెలుగు అక్షరాల్లో "ప్రవ్దా వీచేజీ" అని రాసుకుని, పక్కన మసారిక్ అని (చెకొస్లొవేకియా మొదటి అధ్యక్షుడు), కింద తెలుగులో అర్థం రాసుకున్నారు. ఇల్లు మారినప్పుడు ఆ డైరీ పోయింది. ఆ తెలుగు "సత్యం గెలుస్తుంది" అనా, "సత్యమే గెలుస్తుంది" అనా? ఆ ఒక్క "మే" దగ్గర ఆగిపోయా. అసలు చెక్ మాటలో ఆ "మే" ఉందా?

బర్నో నుంచి:
లేదండీ, రెండే మాటలు. ప్రవ్దా అంటే సత్యం, రెండోది గెలుస్తుంది. "ఏ" కి సరిపడే ముక్క ఏదీ లేదు. కానీ మీ నాన్నగారి చెవికి దండం పెట్టాలి. రాతలో అక్కడ ఉన్నది "త"నే, దాని తర్వాత ఎకారం మీద చిన్న కొక్కెం ఉంటుంది. నేను ఈ చెక్ ఊరికి వచ్చిన కొత్తలో "వీతేజీ" అనేవాణ్ణి, మా ఇంటి ఓనరమ్మ నాలుక అంగిలికి పరిచి ఆనించి పలికి చూపించింది, అది "త్య"కీ "చ"కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. వినే పట్టుకున్నారు ఆయన. నేను చదివే యూనివర్సిటీ కూడా మసారిక్ పేరుదే, 1919లో పెట్టారు, 1960లో పేరు తీసేసి 1990లో మళ్ళీ పెట్టారు.

భాష్యం పిచ్చి:
చెక్‌లో లేకపోతేనేం, తెలుగులో "ఏ" పెట్టకపోతే ఆ మాటకి బలం ఎక్కడిది? మన చెవిలో ముండకోపనిషత్తు ఉంది, సత్యమేవ జయతే. నాన్నగారు "సత్యమే" అనే రాసి ఉంటారు, నాకు అనుమానం లేదు.

ఏకారం వద్దు:
అన్నా, అదే ప్రమాదం. మనకి తెలిసిన వాక్యం వాళ్ళ నోట్లో పెడుతున్నాం. "సత్యమే" అంటే ఇంకేదీ కాదు అనే అవధారణ వస్తుంది, చెక్‌లో ఆ నిక్కచ్చి లేదు. పైగా ఆ "జయతే" సంగతే తేలలేదు. "జి" ధాతువు పరస్మైపది, అంటే "జయతి" అనే రావాలి, వి, పరా ఉపసర్గలు చేరితేనే కదా పాణిని ఆత్మనేపదం, అంటే "జయతే" లాంటి రూపం, ఇచ్చింది. కొన్ని ప్రతుల్లో "జయతి" అనే ఉంది.

భాష్యం పిచ్చి:
వైదిక ప్రయోగానికి పాణిని లౌకిక సూత్రం తెచ్చి కొలవకు తమ్ముడూ. శంకరులు ఏమన్నారో చూడు. సత్యమే అంటే సత్యవంతుడే, మనిషిని ఆశ్రయించకుండా ఉత్త సత్యానికి గెలుపూ లేదు ఓటమీ లేదు అన్నారు. మసారిక్ జీవితం మొత్తం ఆ భాష్యమే.

బర్నో నుంచి:
ఇది నిజంగా బాగా కుదిరింది. 1817లో దొరికాయని చెప్పిన పాత చెక్ పద్యాల ప్రతులు ఉన్నాయి కదా, వాటిని జాతి మొత్తం నెత్తిన పెట్టుకుంది. 1886లో గెబావర్ అనే భాషావేత్త, ఈ రూపాలు ఆ కాలపు చెక్‌లో లేవు, ఇవి తర్వాత కల్పించినవి అని రాస్తే దాన్ని అచ్చువేసిన పత్రిక మసారిక్‌ది. మసారిక్‌ని ద్రోహి అన్నారు, పేపర్లలో దుమ్మెత్తిపోశారు. ఆయన మాత్రం అబద్ధం మీద జాతి గౌరవం నిలబడదు అన్న పట్టు వదల్లేదు. వ్యాకరణం మీద మొదలైన గొడవ అది, మన గ్రూప్ వాళ్ళంతా తెలుసుకోవాల్సిన కథ.

ఏకారం వద్దు:
మళ్ళీ దొంగపత్రాలే వచ్చాయి కదా ఆయన జీవితంలో. 1909లో వియన్నాలో ఫ్రీడ్‌యుంగ్ అనే చరిత్రకారుడి మీద కేసు, క్రొయాట్, సెర్బు నాయకుల మీద ఆయన చూపించిన కాగితాలు కల్పితాలు అని తేలితే, వాటి ఆనుపానులు పార్లమెంటులో బయటపెట్టింది మసారికే. ఆ రోజుల్లో మసారిక్ పార్టీ బలం ఎంత? 1891లో యంగ్ చెక్ పార్టీ తరఫున గెలిచి 1893లో రాజీనామా చేసి, 1900లో సొంత పార్టీ పెట్టుకుంటే 1907లో రెండు సీట్లు, 1911లో ఆయన ఒక్కడే. అందుకే అంటున్నా, "సత్యమే గెలుస్తుంది" అనేంత ధీమా అక్కడ లేదు. ఒక్క సీటు ఉన్నవాడి మాట అది.

భాష్యం పిచ్చి:
ఒక్క సీటు ఉన్నవాడికే ఆ "ఏ" కావాలి!

యడాగమం:
ఒక్కటి అంటే నన్నయ గుర్తొచ్చాడు. "నుతజల పూరితంబులగు నూతులు నూఱిటికంటె సూనృతవ్రత యొక బావి మేలు" దగ్గర చాలామంది సూనృతవ్రతని బావికి విశేషణం చేసి చదువుతారు. కాదు, అది దుష్యంతుడికి సంబోధన, శకుంతల నిండు సభలో నిలబడి నువ్వు సత్యవ్రతుడివి కదయ్యా అని గుర్తుచేస్తోంది, అక్కడ కాస్త ఆగి "యొక బావి" అని ఎత్తుకోవాలి. బావి, క్రతువు, కొడుకు అన్నీ దాటించి చివరికి "ఒక సూనృతవాక్యము" మీద ఆపాడు. అక్కడ కూడా "ఏ" లేదు చూడండి, "మేలు" అన్నాడంతే. ఎనిమిదో క్లాసులో మా మాస్టారు ఆ ఆగడం నేర్పించారు, ఇప్పటికీ ఆ పద్యం ఎత్తుకుంటే గొంతు పూడుకుంటుంది.

ఏకారం వద్దు:
అద్భుతం గారూ. నా వాదనకి నన్నయే సాక్షి.

భాష్యం పిచ్చి:
పోలిక మీద నడిచే పద్యం అది, తరతమం చెప్పేచోట అవధారణ ఎందుకు? రెండూ కలపకండి.

బర్నో నుంచి:
నా దృష్టిలో అసలు పేచీ "ఏ" కాదండీ, క్రియ. వీచేజీ అంటే ముగియని పని, గెలుస్తూ ఉంటుంది అన్నట్టు. దాని ముందు దంత్య ౙకారం లాంటిది ఒక్కటి చేరిస్తే పని ముగుస్తుంది, గెలిచి తీరుతుంది అవుతుంది. 1989లో హావెల్ (ఆ ఏడాదే అధ్యక్షుడైన రచయిత) సత్యమూ ప్రేమా గెలవాలి అన్నప్పుడు ఆ ౙకారం ఉన్న రూపమే వాడాడు. 1920లో అక్కడి అధ్యక్షుడి జెండా మీదికెక్కిన మాటలో అది లేదు. మన "గెలుస్తుంది" రెండిటికీ సరిపోతుంది, అందుకే తేడా కనపడదు.

యడాగమం:
అయితే "గెలుచును" అనాలి. తద్ధర్మార్థకం, స్వభావం చెప్పేది.

భాష్యం పిచ్చి:
"సత్యమే గెలుచును". సరే, ఒప్పుకుంటా.

ఏకారం వద్దు:
"మే" మళ్ళీ దూర్చేశావ్ అన్నా.

రామచంద్రాపురం అబ్బాయి:
ఇవన్నీ రాత్రి అమ్మకి చదివి వినిపించా. చాలాసేపు ఆలోచించి, డైరీలో ఏముందో నేను చూళ్ళేదురా, ఆయన నోటితో మాత్రం "నిజం గెలుస్తుంది" అనేవారు, సత్యం అన్నట్టు గుర్తులేదు అంది. కరెంటు పోయి అందరం వరండాలో కూర్చున్నప్పుడు ఆ చెక్ మాట అనేసి తర్వాత తెలుగు అనేవారట.

యడాగమం:
బాబూ, "నిజం"కి పాత అర్థం తనది, సొంతం అని కదా! నిజభార్య, నిజభవనం. సత్యం అనే అర్థంలో ఎప్పటినుంచి స్థిరపడిందో రేపు నిఘంటువులు తీసి రాస్తా, అమ్మగారిని ఇంకొక్కటి అడిగి ఉంచండి, "నిజం" అనేవారా "నిజమే" అనేవారా.