థాయ్ బీఎల్ సీరీస్‌లు: గే వాళ్లకు మేలు చేశాయా, వాళ్ల పేరు చెప్పుకుని వ్యాపారం చేశాయా?

నెల్లూరు_నాని
తెలియనివాళ్ల కోసం ముందు రెండు ముక్కలు. బీఎల్ అంటే బాయ్స్ లవ్, ఇద్దరు కుర్రాళ్ల ప్రేమకథ. 1970లలో జపాన్ మాంగాలో (అంటే అక్కడి కామిక్స్‌లో) మొదలైంది, థాయ్‌లాండ్ టీవీలో పెద్ద పరిశ్రమ అయింది. 2014లో ‘లవ్ సిక్’, 2016లో ‘సోటస్’, 2020 లాక్‌డౌన్‌లో ‘టుగెదర్’. ఆ తర్వాత ఇక పట్టపగ్గాల్లేవు.

దీని మీద ఎవరైనా డాక్యుమెంటరీ తీస్తే సగం సేపు ఫ్యాన్స్ కేకలే చూపిస్తారు. నేనైతే ఒక్కటే అడుగుతా: ఇందులో గే వాళ్లు ఎక్కడున్నారు? రాసేవాళ్లు, చూసేవాళ్లు ఎక్కువమంది ఆడవాళ్లు. నటుల్లో ‘నేను గే’ అని బయటికి చెప్పినవాళ్లు తక్కువ. ‘నాకు మగవాళ్లంటే ఇష్టం లేదు, వాడొక్కడంటేనే ఇష్టం’ అనే డైలాగు ఎన్ని కథల్లో విన్నామో! జంటలో ఒకడిని ‘పెళ్లాం’ అని ఏడిపించడం సరేసరి. ఇంతలో హీరో ఫేస్ క్రీమ్ ట్యూబు తీసి, పేరు కెమెరాకు కనపడేలా పట్టుకుని రాసుకుంటాడు.

సిరి_సబ్‌టైటిల్స్
ఆడవాళ్లు రాస్తే, చూస్తే తప్పేంటండీ? మామూలు ప్రేమకథలో హీరోయిన్ ఎంత అణకువగా ఉందో కొలుస్తూ కూర్చోవాలి. ఇక్కడ ఆ గోల లేదు.

గే వాళ్లు ఎక్కడ అంటున్నారు కదా, ‘నాట్ మీ’ చూడండి. 2021 డిసెంబరులో మొదలైంది. డైరెక్టర్ అనుచా బూన్యవతన ట్రాన్స్ మహిళ. అందులో ఊరేగింపు సీన్ ఉంది: జనం ఒక పెద్ద ఇంద్రధనుస్సు జెండాను పైకెత్తి పట్టుకుంటే, దాని కిందకి దూరి ఇద్దరు హీరోలూ ముద్దు పెట్టుకుంటారు. పెళ్లి హక్కు కావాలని అడుగుతున్న జనం మధ్య! 2025 జనవరి 23 నుంచి అక్కడ ఆ హక్కు అమల్లోకి వచ్చింది. ఈ సీరీస్‌ల పాత్ర ఏమీ లేదంటారా?

వరంగల్_వకీల్
సిరి గారూ, తేదీలు కాస్త వరసలో పెట్టండి. ‘టుగెదర్’ ఊపేసింది 2020లో. మరుసటి ఏడాది నవంబరులో థాయ్ రాజ్యాంగ న్యాయస్థానం ఏమంది? పెళ్లంటే ఆడ, మగ మధ్యే అనే సెక్షన్ 1448 రాజ్యాంగబద్ధమే అంది. సీరీస్‌లకు జడ్జిలు కరగలేదు. వీధుల్లో తిరిగినవాళ్లు, సంతకాలు సేకరించినవాళ్లు, పార్లమెంటులో బిల్లు పెట్టి, అది ఆగిపోయినా మళ్లీ పెట్టినవాళ్లు సాధించారు దాన్ని. 2018లో మన దగ్గర స్వలింగ సంబంధాలను నేరమన్న సెక్షన్ 377 విషయంలో తీర్పు వచ్చినప్పుడు మన టీవీలో ఏ బీఎల్ సీరీస్ ఉంది చెప్పండి?

బెజవాడ_బాబాయ్
మీరిద్దరూ చట్టం దగ్గరే ఆగిపోయారు. అసలు పేచీ సీరీస్ అయిపోయాక మొదలవుతుంది. అక్కడ ‘ఖూ జిన్’ అంటారు. తెర మీది జంటను బయట కూడా జంటగానే తిప్పుతారు. ఒకే యాడ్‌లో ఇద్దరూ, ఒకే స్టేజీ మీద ఇద్దరూ. ఫ్యాన్ మీట్‌లో ఒక ఆట ఉంటుంది: సన్నటి పుల్ల బిస్కెట్‌ను ఇద్దరూ చెరో చివర నుంచి కొరుక్కుంటూ రావాలి. మూతులు దగ్గరయ్యేకొద్దీ హాలు దద్దరిల్లిపోతుంది. టికెట్ డబ్బులు ఆ కేకలవే.

మన దగ్గరా రెండు సినిమాలు కలిసి చేస్తే హీరో హీరోయిన్లకు జనం ముహూర్తాలు పెట్టేస్తారు. కానీ నిర్మాత ఆ పుకారును టికెట్ పెట్టి అమ్మడు. అక్కడ ఆ కుర్రాడు ఓ అమ్మాయితో కనిపిస్తే కొందరు ఫ్యాన్స్ మోసం జరిగినట్టు విరుచుకుపడతారు. వాడు నిజంగా గే అయితే ఇంకా ఇరకాటం. జంటలో రెండోవాడిని కాదని ఎవరినో ప్రేమిస్తున్నానని ఏ నోటితో చెప్తాడు?

సిరి_సబ్‌టైటిల్స్
బాబాయ్ గారూ, చాలామంది ఫ్యాన్స్‌కు అది ఆటేనని తెలుసు. హద్దు దాటేవాళ్లు లేరనను. కానీ వ్యాపారాన్ని సాగనివ్వని చోట ఏమైందో చైనాను చూడండి. 2019లో ‘ది అన్‌టేమ్డ్’ వచ్చింది. నవలలో ఉన్న ప్రేమను సెన్సారుకు భయపడి స్నేహంగా మార్చేశారు. అయినా అంత హిట్టయింది. 2021లో ఆడంగి మగాళ్లను తెర మీద చూపించొద్దని సర్కారు ఆర్డరేసింది, ఆ రకం కథల దారి మూసుకుపోయింది. థాయ్‌లాండ్‌లో బతికి బట్టకట్టిందంటే డబ్బు తెస్తోంది కాబట్టే.

నెల్లూరు_నాని
డబ్బు సంపాదించొద్దని ఎవరన్నారు? ఆ బిస్కెట్ ఆట ఆడనని చెప్పే వీలు ఆ కుర్రాడి కాంట్రాక్టులో ఉందా లేదా? డాక్యుమెంటరీ తీసేవాడు ఆ కాగితం చూపించమని ఏజెన్సీని అడగాలి. ‘పెళ్లాం’ జోకుల సంగతి ఎవరూ ఎత్తలేదేం?

సిరి_సబ్‌టైటిల్స్
అవి నాకూ చిరాకే. మొదట్లో వచ్చిన సీరీస్‌లు ఇప్పుడు పెట్టుకుంటే కొన్ని సీన్లు స్కిప్ కొట్టేస్తా. కాంట్రాక్టు మాట మాత్రం ఒప్పుకుంటా, అడగాల్సిందే.