రోజూ వెంట ఉంచుకోవడానికి ఏ ప్రైమ్ లెన్స్ (జూమ్ లేని లెన్స్) మంచిది: 20, 30, 35 మి.మీ.?

నమస్కారం. నా కెమెరా సోనీ ఏ6400. దానితో వచ్చిన 16-50 జూమ్ పగలు బాగానే పనిచేస్తుంది. కానీ నేను ఎక్కువగా ఫొటోలు తీసేది విజయవాడ వన్‌టౌన్ సందుల్లో, తెల్లవారకముందే కాళేశ్వరరావు మార్కెట్లో, కూరగాయల బుట్టల మీద వేలాడే బల్బు వెలుతురులో. 50 మి.మీ. దగ్గర ఆ లెన్స్ ఎఫ్ 5.6 కంటే ఎక్కువ తెరుచుకోదు (ఎఫ్ అంకె ఎంత తగ్గితే అంత ఎక్కువ వెలుతురు లోపలికి వస్తుంది). ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) 6400కి చేరేసరికి తోటకూర పచ్చదనం చచ్చిపోతోంది, ముఖాల మీద గరుకు చుక్కలు తేలుతున్నాయి.

మూడింటి మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నాను. సోనీ 20 మి.మీ. ఎఫ్ 2.8 బరువు 69 గ్రాములే. సిగ్మా 30 మి.మీ. ఎఫ్ 1.4 చీకట్లో తిరుగులేనిదే, కానీ దాదాపు 265 గ్రాములు. అంత లెన్స్ ఎదురుగా కనిపిస్తే అమ్మేవాళ్లు సర్దుకుని నిలబడతారు. నాకు కావలసింది బేరంలో మునిగి ఉన్నప్పటి ముఖం. సోనీ 35 మి.మీ. ఎఫ్ 1.8 సుమారు 155 గ్రాములు, పైగా లెన్స్‌లోనే స్టెబిలైజేషన్ (చేతి వణుకును సరిదిద్దే ఏర్పాటు) ఉంది. ఏ6400 బాడీలో ఆ సదుపాయం లేదు కనుక, ఉండవల్లి గుహల్లో శయనించిన అనంతపద్మనాభుడి దగ్గర అదే ఆదుకుంటుందని నా నమ్మకం. మనసు దానివైపే మొగ్గుతోంది. అయితే ఈ చిన్న సెన్సర్ మీద 35 అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో సుమారు 52, అంటే ఫ్రేములో పట్టే దృశ్యం తగ్గుతుంది. ఇరుకు సందులో వెనక్కి జరిగే చోటుంటుందా?

35ను వీధుల్లో వాడినవారు దయచేసి చెప్పండి. 20 వాడేవారికి రాత్రిపూట ఎఫ్ 2.8 సరిపోతోందా? వాడిన లెన్స్ కొనాల్సివస్తే, లోపల ఫంగస్ (బూజు) ఉందో లేదో టార్చి వేసి ఎలా చూడాలో కూడా వివరించగలరు.