ఆగస్టులో అమ్మానాన్న మాల్టా వస్తున్నారు, ప్లాన్ ఎలా వేసుకోవాలి?

అందరికీ నమస్కారం. మాస్టర్స్ కోసం కొత్తగా మాల్టా వచ్చాను. ఆగస్టు రెండో వారంలో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. కారు లేదు. దేశం చిన్నదే కదా అని రోజుకి మూడు చోట్లు పెట్టాను. సరిపోతుందా?

జవాబు:

తమ్ముడూ, ఆ మూడు చోట్ల ప్లాన్ ముందు పక్కన పెట్టు. దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లే, పాత జీహెచ్ఎంసీలో సగం. అయినా ఆగస్టు ట్రాఫిక్‌లో రాజధాని వలెట్టా నుంచి చిర్కెవ్వా రేవుకి బస్సులో గంట పైనే పడుతుంది. పొద్దున్నే ఒక చోటు, ఎండ తగ్గాక ఇంకో చోటు చాలు. మధ్యాహ్నం వాళ్ళని ఇంట్లో పడుకోనివ్వు.

బస్సుకి చెయ్యి ఎత్తాలి, లేకపోతే ఆగదు. నిండిపోతే ఎత్తినా ఆగదు. అందుకే వలెట్టాలో బయల్దేరే చోటే ఎక్కించు, సీటు దొరుకుతుంది. వేసవిలో టికెట్ 2.50 యూరోలు, రెండు గంటల లోపు బస్సు మారినా అదే చెల్లుతుంది. నీ పేరు మీద తల్లిన్యా అనే బస్సు కార్డు తీసుకుంటే నీకు ఉచితం. వాళ్ళకి మాత్రం టికెట్ కొనాల్సిందే.

పక్కనున్న గోజో దీవికి ఆగస్టు 15 చుట్టుపక్కల వెళ్ళొద్దు. ఆ రోజు శాంతా మరియా పండుగ, మాల్టా సగం అక్కడే ఉంటుంది. వేరే రోజు చూసుకో. చిర్కెవ్వాలో ఫెర్రీ ఎక్కేటప్పుడు టికెట్ అడగరు, తిరిగొచ్చేటప్పుడు గోజోలో కట్టాలి. పెద్దవాళ్ళతో అయితే వలెట్టా నుంచి వెళ్ళే ఫాస్ట్ ఫెర్రీయే మేలని నా అభిప్రాయం. ముప్పావుగంటలో దింపుతుంది, దాని టికెట్ వేరు. అక్కడ పిరమిడ్ల కన్నా పాతవైన జిగాంతియా గుడులు చూపించు. సముద్రంలో రాతి ద్వారం ఏదని నాన్నగారు అడుగుతారేమో, పాత ఫోటోల్లో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. అది 2017 మార్చిలో తుఫానుకి కూలిపోయింది.

హైపోజియం చూపించాలనుంటే ఈరోజే బుక్ చెయ్. భూగర్భ సమాధుల్లోకి రోజుకి 80 మందినే పంపిస్తారు.

వీసా ఎన్ని ఎంట్రీలదో చూసుకున్నావా? సింగిల్ ఎంట్రీ అయినా సిసిలీ వెళ్ళి రావచ్చు, అదీ షెంగెన్‌లోనే (ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల్లోనే) ఉంది, కాటమరాన్‌లో రెండు గంటల లోపే. ట్యునిస్ గానీ ఇస్తాంబుల్ గానీ వెళ్ళారో, మళ్ళీ ఇక్కడికి రానివ్వరు. ఫ్రాంక్‌ఫర్ట్ లాంటి చోట విమానం మారితే ఇమిగ్రేషన్ అక్కడే అయిపోతుంది. నువ్వు పక్కన ఉండవు కాబట్టి ఇన్విటేషన్ లెటర్, ఇన్సూరెన్స్, రిటర్న్ టికెట్, నీ అడ్రస్, ఫోన్ నంబర్ అన్నీ ప్రింట్ తీయించి చేతి బ్యాగులో పెట్టుకోమను. చెక్ఇన్ సూట్‌కేసులో పెట్టేస్తారు మనవాళ్ళు, అదే టెన్షన్.

ఇంకో జవాబు:

అన్నయ్య మెట్ల సంగతి వదిలేశారు. వలెట్టా అంతా ఎత్తుపల్లాలే, సున్నపురాయి మెట్లు నున్నగా అరిగిపోయి జారతాయి. అమ్మగారికి పట్టున్న బూట్లు కొను బాబూ. రేవుకి అవతల ఉన్న త్రీ సిటీస్ అనే పాత ఊళ్ళ నుంచి పడవలో వస్తే రేవు దగ్గర నుంచి అప్పర్ బరాక్కా తోటలోకి లిఫ్ట్ ఉంది, మోకాళ్ళు బతికిపోతాయి. ఆ తోట దగ్గర మధ్యాహ్నం పన్నెండింటికి ఫిరంగి పేలుస్తారు, సాయంత్రం నాలుగింటికి కూడా. ఎండ దృష్ట్యా నాలుగుకే వెళ్ళండి. సెయింట్ జాన్స్ చర్చిలోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకుని వెళ్ళాలి. చీరకి ఇబ్బంది లేదు, షార్ట్స్ వేసుకుంటే నీకే ఇబ్బంది.

మన పఫ్ లాంటి పస్తిజ్జీ అందరికీ నచ్చుతుంది, లోపల రికోటా చీజ్ గానీ బఠాణీ గానీ ఉంటుంది. శాకాహారులైతే పిండిలో ఏ కొవ్వు వేశారో అడిగాకే తినిపించు. కుళాయి నీళ్ళు తాగొచ్చు కానీ వాటిలో సముద్రపు నీళ్ళని శుద్ధి చేసినవే ఎక్కువ, టీ రుచి పోతుంది. టీకి బాటిల్ నీళ్ళు వాడు.

ఇక్కడ ప్లగ్గులు బ్రిటన్ తరహా మూడు పలక పిన్నులవి, మన గుండ్రటి పిన్నులు పట్టవు. అమ్మగారు ఎలాగూ మిక్సీ తెస్తారు. కరెంటు 230 వోల్టులే కాబట్టి నడుస్తుంది, అడాప్టర్ మాత్రం ఆ వాట్లు తట్టుకునేది కొను.